మైనస్ 25లో మొరాయించిన ట్రాక్టర్

మిన్నెసోటాలో మా ఇంటి దారిలో మంచు తోయడానికి పాత డీజిల్ ట్రాక్టర్ ఒకటి కొన్నాను. జనవరిలో ఒక పొద్దున, మైనస్ 25 డిగ్రీల చలిలో స్టార్టయింది, రెండు నిమిషాలకే ఆగిపోయింది. బ్యాటరీ అనుకుని గంట పాడుచేశాను. తీరా ఫిల్టర్ విప్పితే, చలికాలంలో పేరుకున్న కొబ్బరినూనెలా తెల్లగా మైనం! ట్యాంకులో ఉన్నది సెప్టెంబరులో పోసిన నంబర్ 2 డీజిల్ మరి, అంటే మామూలు రోజుల్లో వాడే రకం; గట్టి చలిలో అందులోని మైనం గడ్డకట్టేస్తుంది. యాంటీ-జెల్ (డీజిల్ గడ్డకట్టకుండా కలిపే మందు) పోశాను గానీ, అప్పటికే పేరుకున్న మైనాన్ని అది కరిగించదు. చలి రాకముందే కలపాలి. బండిని షెడ్డులోకి లాగించి, కరెంటు హీటర్ దూరంగా పెట్టి రాత్రంతా వెచ్చబెట్టి, కొత్త ఫిల్టర్ వేశాను. (మంట మాత్రం దగ్గరికి రానివ్వకండి.) ఇప్పుడు నవంబరు రాగానే నంబర్ 1 డీజిల్ (చలికి తట్టుకునే పలుచని రకం) సగానికి సగం, దాంతోపాటు యాంటీ-జెల్ కూడా. ఖర్చు ఎక్కువే, కానీ ఈ చలికాలం ఒక్కసారీ ఆగలేదు.