సంక్రాంతి సంచిలో ఒక నోటు పుస్తకం

ప్రతి సంక్రాంతికీ అరిసెల పాకం దగ్గర అదే ప్రశ్న: పోయినేడాది బెల్లం ఎంత వేశాం? ఫొటోలేమో ఎవరి ఫోనులో వాళ్లవి. ఫోను మారితే అవీ పోతాయి.

దీనికి మా ఇంట్లో కుదిరిన ఉపాయం చెబుతాను. గట్టి అట్ట ఉన్న 200 పేజీల నోటు పుస్తకం కొని, అరిసెలు వత్తే చెక్కల సంచిలోనే పెట్టండి. ఆ చెక్కలు ఎలాగూ పండుగకే బయటికి వస్తాయి, కాబట్టి పుస్తకం కోసం వెతుక్కోనక్కర్లేదు.

ఏడాదికి రెండు పేజీలు చాలు. ఎడమవైపు కొలతలు (నానబెట్టకముందు తూచిన కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం, గుప్పెడు నువ్వులు), ఆ ఏటి ముగ్గు: ‘15 చుక్కలు, సందు చుక్క 8 వరకు’. కుడివైపు పిల్లల అరచేయి ఆనించి చుట్టూ గీత గీసి, పేరు, సంవత్సరం వేయండి. దాని కింద ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో వాక్యం. పెద్దవాళ్లు చెబుతుంటే పిల్లలు రాస్తారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ భాగమే. ‘పాకం నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కట్టాలి’ అన్న మా అమ్మ మాట మా అమ్మాయి గుండ్రటి అక్షరాల్లో ఉంది.

భోగిపళ్లు పోసిన సాయంత్రమే రాయించండి, అప్పుడైతే అందరూ ఒకచోట ఉంటారు. కనుమకు వాయిదా వేస్తే ప్రయాణాల హడావిడిలో పేజీ ఖాళీగా మిగిలిపోతుంది. జెల్ పెన్ను మాత్రం వద్దు, తడి చేయి తగిలితే అక్షరాలు అలుక్కుపోతాయి. బాల్‌పెన్నుతోనే రాయండి.