కంటి సర్జన్ చేతి కదలికల నమోదు – 4వ పాఠం: ట్రోకార్ బిందువు

పోయిన పాఠంలోని పివట్ కాలిబ్రేషన్ (శస్త్రచికిత్స పరికరం కొనను ఒకచోట ఆనించి, పిడిని తిప్పి కొన స్థానం లెక్కించడం) చాలామందికి కుదరలేదు. ముందు దాని సంగతి చూద్దాం, ఎందుకంటే పిడి మీది సెన్సర్‌కు కొన ఎంత దూరంలో ఉందో తేలకుండా ఈ పాఠంలో ఏ లెక్కా నిలవదు.

తప్పు దాదాపు అందరిదీ ఒకటే. కొనను గుంటలో ఆనించి, పిడిని ఒకే దిశలో అటూ ఇటూ ఊపారు. అలా చేస్తే ఊగిన అక్షం వెంబడి కొన ఎక్కడుందో లెక్కకు అందదు. ఆక్రిలిక్ ముక్కలో చిన్న గుంట చేసి, కొన జారకుండా పిడిని గుండ్రంగా, గరాటు ఆకారంలో తిప్పండి. వాలు 30 డిగ్రీలకు తగ్గకూడదు. మధ్యలో పిడిని వేళ్ల మధ్య దొర్లించండి. అర నిమిషం చాలు. మిగులు దోషం (లెక్క తర్వాత కూడా మిగిలే తేడా) 1 మి.మీ. దాటితే మళ్లీ మొదలుపెట్టండి. కింద ఇనుప బల్ల ఉండకూడదు. మన ఎలక్ట్రోమాగ్నెటిక్ ట్రాకర్ అయస్కాంత క్షేత్రంతోనే సెన్సర్ ఎక్కడుందో చెబుతుంది, ఇనుము దగ్గర ఆ క్షేత్రం వంగిపోతుంది.

ఇక ట్రోకార్, అంటే పరికరాలను కంటి లోపలికి పంపే సన్నని గొట్టం. నల్లగుడ్డు అంచుకు 3.5–4 మి.మీ. వెనక దిగే ఈ గొట్టం గుండా వెళ్లిన పరికరానికి నాలుగు కదలికలే మిగులుతాయి: రెండు వైపుల వాలు, తన చుట్టూ తాను తిరగడం, లోపలికీ బయటికీ జారడం. ప్రతి క్షణం పరికరం అక్షాన్ని ఒక గీతగా తీసుకొని, అన్ని గీతలకూ అతి దగ్గరగా ఉన్న బిందువును కనిష్ఠ వర్గాల పద్ధతిలో పట్టండి. రోబో చేయి తిరగాల్సిన కేంద్రం అదే. 2016లో ఆక్స్‌ఫర్డ్‌లో మనిషి కంటి లోపల పనిచేసిన ప్రెసైస్ రోబో ఇలాంటి బిందువు చుట్టూనే కదిలింది. అయితే సర్జన్ పరికరాలతోనే కంటిని కూడా తిప్పుతాడు, అందుకని బిందువు జరుగుతుంది. మొత్తం రికార్డింగుకు ఒకే బిందువు తీయకండి. నేనైతే రెండేసి సెకన్ల ముక్కలుగా కోస్తాను.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ డేటాలోంచి చేతి వణుకును కొలిచామని చెప్పకండి. రెటీనా సర్జన్ చేతి వణుకు 8–12 హెర్ట్జ్ దగ్గర, కొన వద్ద సుమారు 100 మైక్రాన్లు. సెన్సర్ నుంచి కొన 100 మి.మీ. దూరంలో ఉంటే, కోణంలో అర డిగ్రీ తప్పు కొన దగ్గర 0.9 మి.మీ. అవుతుంది, అంటే వణుకుకు తొమ్మిది రెట్లు! సెకనుకు ఎన్ని నమూనాలు తీసినా ఈ తప్పు తగ్గదు. ఫిల్టర్ వేస్తే గీత నునుపవుతుంది తప్ప నిజం బయటపడదు. అనుమానముంటే పరికరాన్ని చెక్క దిమ్మెల మధ్య బిగించి, చేయి తీసేసి రికార్డు చేయండి. కదలికను ఫ్రీక్వెన్సీలుగా విడదీసిన గ్రాఫులో 10 హెర్ట్జ్ దగ్గర అప్పుడూ అంతే ఎత్తు కనిపిస్తే, మీరు కొలిచింది ట్రాకర్ రొదనే. కార్నెగీ మెలన్‌లో వణుకును అణిచే ‘మైక్రాన్’ అనే పరికరం రూపొందించినవారు ఇందుకోసం ప్రత్యేకంగా ఆప్టికల్ ట్రాకర్ తయారు చేసుకున్నారు. మన ట్రాకర్ పని వాలు, లోతు, వేగం పరిధులు చెప్పడం వరకే.

అభ్యాసం: నకిలీ కంటి మీద పొర ఒలిచే పనిని రెండు చేతులతో పది నిమిషాలు రికార్డు చేయండి. ఒక్కో చేతికి విడిగా, ముక్క ముక్కకూ ట్రోకార్ బిందువు, గరిష్ఠ వాలు, 95వ పర్సెంటైల్ వేగం (నూటికి 95 కొలతలు దానికి లోబడే వేగం) తీయండి. దిమ్మెల రికార్డింగు కూడా జతచేయండి, అది లేకుండా ఫలితాలు చూడను.