పురానీ హవేలీకి వెళ్లే ముందు జాగ్రత్తలు

- పురానీ హవేలీ అనే పాత నిజాం ప్యాలెస్‌లోనే హైదరాబాద్ నిజాం మ్యూజియం ఉంది. శుక్రవారం దానికి సెలవు. ముందు ఇది చూసుకోండి.
- పాతబస్తీ ఇరుకు సందుల్లో కారుకంటే ఆటో నయం.
- ఫొటోలు తీయొచ్చో లేదో కౌంటర్లో అడగండి. ఫ్లాష్ మాత్రం వద్దే వద్దు, పాత బట్టల రంగును వెలుతురు తినేస్తుంది.
- ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ (1866–1911) బట్టల బీరువాకు తీరిగ్గా సమయం ఉంచుకోండి. పొడవాటి హాలుకు రెండు పక్కలా, రెండంతస్తుల్లో టేకు తలుపులే! కట్టిన బట్ట మళ్లీ కట్టేవాడు కాదని చెప్పుకుంటారు. పై అరలకు చేరడానికి చేత్తో తిప్పే లిఫ్టు కూడా అక్కడే ఉంది. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.
- ఆ తలుపుల్ని లాగి చూడాలని పిల్లలకు చేతులు దురదపెడతాయి. చెయ్యి పట్టుకునే నడిపించండి.