పాత జీపులో గేరు టైటుగా పడుతోందా? గేర్ బాక్సు దింపే ముందు ఇవి చూడండి

పాత మహీంద్రా జీపు, మేజర్, కమాండర్, పాత థార్, బండి ఏదైనా కానివ్వండి, గేరు టైటుగా పడుతోందని షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల మొదట వినబడే మాట "బాక్సు దింపాలి". దింపనివ్వకండి. ఫోర్ వీల్ బండిలో బాక్సు దింపాలంటే ముందూ వెనకా ప్రొపెల్లర్ షాఫ్టులు, ట్రాన్స్‌ఫర్ కేసు, కింద క్రాస్ మెంబర్ అన్నీ విప్పాలి. అంతా చేశాక తప్పు క్లచ్ దగ్గర ఉందని తేలితే ఆ కూలి తిరిగి రాదు. తప్పు క్లచ్‌దా, బాక్సుదా అన్నది పానా పట్టకుండానే పావుగంటలో తేల్చవచ్చు.

చక్రాలకు అడ్డం పెట్టడానికి రెండు రాళ్లు, టార్చి, స్కేలు, సుద్దముక్క, పానాల సెట్టు, సన్నటి ప్లాస్టిక్ ట్యూబు, సీలు విప్పని బ్రేక్ ఆయిల్ డబ్బా, పెడల్ తొక్కడానికి ఇంకో మనిషి ఉంటే చాలు. బండిని చదును నేల మీద నిలపండి.

ముందు క్లచ్ పెడల్ కింద ఉన్న మ్యాటు తీసేయండి. మందం మ్యాటు రెండు వేసుకుంటే పెడల్ అడుగు దాకా పోదు, ఆ అర అంగుళం తేడాకే గేరు గరగరమంటుంది. టైటుగా ఉన్నది మెయిన్ గేర్ రాడ్డా, పక్కనున్న ఫోర్ వీల్ రాడ్డా అన్నదీ చూసుకోండి. తలకోన అడవి దారిలో ఫోర్ వీల్ వేసి, తారు రోడ్డు ఎక్కాక కూడా అలాగే నడిపితే ముందు, వెనక యాక్సిళ్లు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుని ఆ రాడ్డు బిగుసుకుంటుంది. తిన్నగా పది అడుగులు రివర్సు పోతే వదులుతుంది. అది రిపేరు కాదు.

ఇక అసలు పరీక్ష. పాడుచేసేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

బండిని కాసేపు నడిపి వేడెక్కనివ్వండి. ఇంజన్ ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కి గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి తీయండి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తొక్కకుండా స్లోలో ఉంచి, క్లచ్ తొక్కి మళ్లీ అన్నీ వేయండి. ఆఫ్‌లో వెన్నలా పడి, ఆన్‌లో మొరాయిస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. రెండింటిలోనూ ఒకేలా టైటుగా ఉంటే తప్పు రాడ్డు, ఆయిలు, బాక్సు వైపు ఉంది. ఆగిన బండిలో అన్నీ బాగా పడుతూ, రోడ్డు మీద ఏవో ఒకటి రెండు గేర్లు మాత్రమే సతాయిస్తే సింక్రో రింగులు, అంటే గేరు పడే ముందు రెండు వేగాలను కలిపే రింగులు, అరిగాయి.

చెప్పడానికి తేలికే. అయితే ఇంజన్ ఆఫ్‌లో ఉండగా ఒక్కోసారి గేరు అసలు పడదు. లోపల పన్ను ఎదురుగా పన్ను వచ్చి నిలిచిందంతే. దాన్ని చూసి "లోపల పట్టేసింది" అని తీర్పు చెప్పేస్తారు. అలా అడ్డుపడితే బలవంతం చేయకండి. న్యూట్రల్‌కు తెచ్చి, రాళ్లు తీసి, బండిని జానెడు ముందుకు తోసి, మళ్లీ రాళ్లు పెట్టి ప్రయత్నించండి. మూడు నాలుగు చోట్ల తోసి చూసినా అదే గేరు, అదే బిగువు అయితేనే అది టైటు కింద లెక్క. రాడ్డును రెండు చేతులతో లాగితే లోపల గేరును జరిపే సెలెక్టర్ ఫోర్కు వంగుతుంది, లేని జబ్బు అప్పుడు నిజంగా వస్తుంది.

క్లచ్ మీద అనుమానం వస్తే రివర్సుతో ఖాయం చేసుకోండి, ఎందుకంటే ఈ పాత బాక్సుల్లో రివర్సుకు సింక్రో ఉండదు. ఇంజన్ స్లోలో పెట్టి క్లచ్ అడుగు దాకా తొక్కి, మనసులో పది లెక్కపెట్టి, అప్పుడు రివర్సు వేయండి. లెక్కపెట్టకుండా వేస్తే మంచి బండి కూడా కర్రుమంటుంది. లోపలి షాఫ్టు తిరగడం ఆగడానికి ఆ సమయం కావాలి. స్లో ఎక్కువగా పెట్టి ఉంటే ముందు దాన్ని తగ్గించండి. పది లెక్కపెట్టాక కూడా గరగరమంటే షాఫ్టును ఏదో ఇంకా తిప్పుతోంది.

ఇంకా అనుమానముంటే ఇంజన్ ఆపి, ఫస్టు గేరులో పెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టండి. బండి ముందుకు కదిలితే క్లచ్ విడవడం లేదు. ఈ పరీక్షకు ముందే చక్రాలన్నిటి రాళ్లు తీసేయాలి, ఎదురుగా పదిహేను అడుగులు ఖాళీ ఉండాలి, కుడికాలు బ్రేకు మీద సిద్ధంగా ఉండాలి. గోడ ముందు, పిల్లలు తిరిగే వాకిట్లో ఈ పరీక్ష చేయవద్దు. బ్యానెట్ ముందు ఎవరూ నిలబడకూడదు.

క్లచ్ అని తేలితే బండి కిందికి వెళ్లండి. వైరు క్లచ్ అయితే వైరు పురి విడిందా, తొడుగులో ఎర్రమన్ను చేరి పట్టేస్తోందా చూడండి. పెడల్‌ను చేత్తో నొక్కితే బిగువు తగిలే దాకా ఒక అంగుళం లోపు ప్లే, అంటే ఖాళీ కదలిక, ఉండాలి. ప్లే మొత్తం తీసేసి బిగిస్తే గేర్లు ఆ రోజుకు బాగా పడతాయి. కానీ తొక్కినప్పుడు క్లచ్‌ను నొక్కే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ రుద్దుకుంటూ, భాకరాపేట ఘాట్ ఎక్కేసరికి క్లచ్ జారడం మొదలవుతుంది. అది రిపేరు కాదు, వాయిదా.

ఆయిల్ క్లచ్ అయితే కింది సిలిండర్ రాడ్డు మీద సుద్దతో గీత పెట్టి, ఇంకో మనిషిని పెడల్ తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోమనండి. గీత మెల్లగా వెనక్కి జారుతూ, బయట ఎక్కడా లీకు లేకపోతే పై మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు పోయింది. కింది సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తి చూస్తే తడిగా ఉందా, అది పోయింది. పెడల్ స్పాంజిలా ఉండి, రెండు మూడు సార్లు గబగబా తొక్కితే గేరు బాగా పడుతుంటే గాలి పట్టింది. కింది సిలిండర్‌కు ఉండే గాలి తీసే నిప్పుల్‌కు ట్యూబు తగిలించి, రెండో కొస బ్రేక్ ఆయిల్ ఉన్న సీసాలో ముంచి, బుడగలు ఆగే దాకా గాలి తీయండి. పాత రబ్బరు హోసు తొక్కినప్పుడల్లా ఉబ్బుతుంటే, ఎంత గాలి తీసినా లాభం లేదు, మార్చాల్సిందే. డాట్ 3 లేదా డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ తప్ప ఇంకేదీ పోయకండి. ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బర్లన్నీ ఉబ్బి సిస్టం మొత్తం పోతుంది.

ఇంజన్ ఆఫ్‌లోనూ ఆన్‌లోనూ టైటుగా ఉన్న బండికి మొదట గేర్ రాడ్డు అడుగున ఉన్న రబ్బరు తొడుగు ఎత్తండి. చినిగిన తొడుగులోంచి దుమ్ము చేరి, గ్రీజు ఎండి, బుష్షులు బిగుసుకుంటాయి. తుడిచి కొత్త గ్రీజు పెడితే సగం బండ్లకు అక్కడే పని అయిపోతుంది.

తర్వాత గేర్ బాక్సు ఆయిలు. ఎప్పుడూ పైన పోసే ప్లగ్గు ముందు విప్పండి, తర్వాతే కింది డ్రెయిన్ ప్లగ్గు. కిందిది విప్పి ఆయిలు వదిలేశాక పైది రాకపోతే బండి కదలదు. పాలలా తెల్లబడి ఉంటే వంక దాటినప్పుడు నీళ్లు చేరాయి, బాక్సుకు గాలి ఆడే బ్రీదర్ చూడండి. ఆయిల్లో పసుపు మెరుపు కనిపిస్తే ఇత్తడి సింక్రో రింగులు అరుగుతున్నాయి. ఇత్తడి అయస్కాంతానికి అంటదు, కాబట్టి అయస్కాంతం ఉన్న డ్రెయిన్ ప్లగ్గు శుభ్రంగా ఉందని మురిసిపోకండి, ఆయిలును ఎండలో పెట్టి చూడండి. ప్లగ్గుకు ఉక్కు ముక్కలు అంటితే అప్పుడు బాక్సు విప్పక తప్పదు.

శబ్దం తగ్గుతుందని బాగా చిక్కటి 140 గ్రేడు ఆయిలు పోసేవాళ్లున్నారు. ధనుర్మాసంలో పలమనేరు, కుప్పం వైపు తెల్లవారి బండి తీస్తే ఆ చిక్కదనానికి మొదటి రెండు మైళ్లూ గేర్లు రాతిలో గుచ్చినట్లు పడతాయి. బండి పుస్తకంలో వేరే రాసి ఉంటే తప్ప 80డబ్ల్యూ-90 గ్రేడు, అదీ జీఎల్-4 రకం పోయండి. జీఎల్-5 యాక్సిల్‌కు మంచిది. దానిలోని గంధకం మందులు ఇత్తడి రింగులను తినవచ్చు, పైగా రింగులు పట్టుకోవాల్సిన చోట జారుతాయి. డబ్బా మీద అంకె చదవకుండా కొనకండి. చదును నేల మీద ఆయిలు పై ప్లగ్గు రంధ్రం అంచు దాకా రావాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, కింది సిలిండర్ రాడ్డు కూడా పూర్తిగా కదులుతూ, ఇంకా రివర్సు గరగరమంటుంటే అప్పుడు బాక్సు దింపండి. ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బేరింగ్ పట్టేస్తే సరిగ్గా క్లచ్ విడవనట్లే ఉంటుంది, బయటి నుంచి కనిపించదు. దింపినప్పుడు పైలట్ బేరింగ్, రిలీజ్ బేరింగ్, ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు మూడూ మార్చించండి. క్లచ్ ప్లేటును షాఫ్టు స్ప్లైన్ల (పొడవాటి గాళ్ల) మీద చేత్తో జరిపి చూడండి, తుప్పుకు పట్టేయకుండా సాఫీగా జారాలి. అక్కడ గ్రీజు పూత పూసినంత పలచగా మాత్రమే రాయాలి. ఎక్కువైతే అది ప్లేటు మీదికి చిమ్మి, గేర్లు బాగుపడిన బండి క్లచ్ జారే బండిగా బయటికొస్తుంది.