తిరగబెట్టిన క్యాన్సర్‌కు వేడి, లోపలి రేడియేషన్: చికిత్సకు ముందు జాగ్రత్తలు

రేడియేషన్ తీసుకున్న చోటే క్యాన్సర్ తిరగబెడితే, అక్కడి మంచి కణజాలం మళ్లీ పూర్తి మోతాదును తట్టుకోవడం కష్టం. అందుకే రేడియేషన్ మూలాన్ని కణితిలోనే ఉంచే బ్రాకీథెరపీకి కొన్ని కేసుల్లో హైపర్‌థెర్మియా, అంటే కణితిని వేడిచేసే చికిత్స, జోడిస్తారు. 41 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ వేడిలో, దాదాపు గంటసేపు ఉంచితే, క్యాన్సర్ కణాలకు దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసుకునే శక్తి తగ్గుతుంది. ఆక్సిజన్ అందక రేడియేషన్‌కు మొండికేసే కణాలు కూడా వేడికి లొంగుతాయి.

ముందుగా పాత రేడియేషన్ రికార్డు తెప్పించుకోండి. ఏ భాగానికి, ఎన్ని గ్రేలు (రేడియేషన్ మోతాదు కొలత), ఎన్ని విడతల్లో ఇచ్చారో తెలియకుండా కొత్త మోతాదు లెక్కకట్టడం ప్రమాదం. పేస్‌మేకర్, కీళ్లలో లోహం, రొమ్ములో లోహపు పోర్టున్న ఎక్స్‌పాండర్ (చర్మాన్ని సాగదీయడానికి లోపల పెట్టే సంచి), గర్భం ఉంటే మొదటి రోజే చెప్పాలి. కాథెటర్లు (సన్నని గొట్టాలు) గుచ్చుతారు కాబట్టి, రక్తం పలచబరిచే మందుల సంగతీ చెప్పండి. వాటిని సొంతంగా మానవద్దు. నొప్పి తగ్గడానికి చర్మంపై అంటించే ఫెంటనిల్ ప్యాచ్ ఉంటే అదీ చెప్పండి; అది వేడెక్కితే మందు ఒక్కసారిగా ఎక్కువగా ఒంట్లోకి వెళ్తుంది, ఊపిరి మందగించవచ్చు.

ఇక అసలు మాట. వేడి అంతటా సమానంగా పాకదు. పెద్ద రక్తనాళం పక్కన చల్లబడుతుంది, కొవ్వులోనూ పాత మచ్చ దగ్గరా పోగుపడుతుంది. ఉష్ణోగ్రత కొలిచే సన్నని తీగలు కొన్ని చోట్లే ఉంటాయి. మిగతా చోట్ల సంగతి మీ నోటి మాటే చెప్పాలి. చురుక్కుమన్నా, ఒత్తిడిగా అనిపించినా ఆ క్షణమే చెప్పండి, దయచేసి ఓర్చుకోకండి. పవర్ తగ్గిస్తారు, చికిత్స ఆగదు. స్పర్శ మొద్దుబారిన చోటు ఉంటే ముందే చూపించండి, కాలినా తెలియని చోటు అదే.

విడతల తేదీలు మార్చమని అడగకండి. వేడి తగిలిన కణాలు రెండు మూడు రోజులు వేడికి మొండిగా ఉంటాయి, అందుకే విడతల మధ్య ఎడం ఉంచుతారు. వేడికీ రేడియేషన్‌కూ మధ్య ఆలస్యమైనా ఫలితం తగ్గుతుంది.

ఇరిడియం-192 లాంటి మూలాన్ని తీసేశాక శరీరంలో రేడియేషన్ మిగలదు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు. రేడియేషన్ వెలువరించే అయోడిన్-125 గింజలు శాశ్వతంగా ఉంచితే, దాని అర్ధాయువు (రేడియేషన్ సగానికి తగ్గే కాలం) సుమారు 59 రోజులు కనుక, పిల్లలకూ గర్భిణులకూ ఎంత దూరం, ఎన్నాళ్లు అన్నది రాయించుకుని వెళ్లండి.

తర్వాత బొబ్బలొస్తే చిదమవద్దు, ఐస్ పెట్టవద్దు. చర్మం కింద గట్టి ముద్ద తగిలితే అది వేడికి దెబ్బతిన్న కొవ్వు కావచ్చు. అయినా చూపించి తేల్చుకోండి.