టిన్ విజిల్ నేర్చుకుందాం – 6వ పాఠం: పబ్‌లో సెషన్‌కి వెళ్లడం

పోయిన పాఠంలో ఇచ్చిన కెష్ జిగ్ అనే ఐరిష్ ట్యూన్‌ని కాగితం చూడకుండా వరసగా మూడుసార్లు వాయించగలుగుతున్నారా? లేకపోతే ఈ పాఠం చదవండి, సెషన్‌కి కూడా వెళ్లండి, కానీ విజిల్‌ని (ఆరు రంధ్రాల ఈ చిన్న పిల్లనగ్రోవిని) మాత్రం ఇంకో రెండు వారాలు ఇంట్లోనే ఉంచండి.

సెషన్ అంటే ఐరిష్ సంప్రదాయ సంగీతం వాయించేవాళ్లు పబ్‌లో చేరి కలిసి వాయించుకోవడం, కచేరీ కాదు. స్టేజీ ఉండదు. పబ్‌లో ఓ మూల టేబుల్ చుట్టూ ఫిడేలు, ఫ్లూట్, కాన్సర్టీనా (చేతుల్లో పట్టుకునే చిన్న హార్మోనియం లాంటిది), బాంజో వాళ్లు ఒకరికొకరు ఎదురుగా కూర్చుంటారు, చాలామంది వీపులు మనవైపే. మన ఊళ్లో రామాలయం భజన గుర్తు తెచ్చుకోండి, దాదాపు అదే పద్ధతి: ఎవరైనా రావచ్చు, కానీ ఎత్తుకునేవాళ్లు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. ట్యూన్లు పాతవే గానీ పబ్‌లో ఇలా చేరడం అంత పాతదేం కాదు. పూర్వం ఇళ్లలో, నాట్యాల దగ్గర వాయించేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్‌కి పనులకు వెళ్లిన ఐరిష్ వాళ్లు అక్కడి పబ్బుల్లో చేరడంతో ఈ అలవాటు బాగా పెరిగింది.

ఇక అసలు పాఠం. వినగానే అది ఏ రకమో పట్టుకోవాలి. లోపల 'తకిట తకిట' సరిపోతే జిగ్, 'తకధిమి తకధిమి' సరిపోతే రీల్, తకిటలు మూడేసి చొప్పున వస్తుంటే స్లిప్ జిగ్. ఎక్కువ ట్యూన్లకు రెండు భాగాలు, ఒక్కోటి 8 బార్లు (బార్ అంటే మన తాళంలో ఆవర్తనం లాంటిది), ఒక్కో భాగం రెండుసార్లు, మొత్తం 32 బార్లు. జిగ్‌లో బార్‌కి రెండు తకిటలు కాబట్టి ట్యూన్ ఒక చుట్టు తిరిగేసరికి 64 తకిటలు, మామూలు వేగంలో అర నిమిషం పైచిలుకు. ఇలా మూడు చుట్లు (కొన్నిచోట్ల రెండే) వాయించి, ఆపకుండా ఇంకో ట్యూన్‌లోకి దూకుతారు. రెండు మూడు ట్యూన్లు కలిస్తే ఒక సెట్.

ప్రమాదమంతా ఆ దూకే చోటే. నేను ఐర్లండ్‌లోని గాల్వేలో మొదటిసారి కూర్చున్నప్పుడు చుట్లు లెక్కపెట్టుకోలేదు, అందరూ కొత్త ట్యూన్‌లోకి వెళ్లిపోతే నేనొక్కణ్ణే పాతదాని మొదటి భాగం మళ్లీ ఎత్తుకున్నా. విజిల్ పై స్థాయి ఎలా కోస్తుందో తెలుసుగా, పబ్ కౌంటర్ అవతలి చివర గ్లాసులు తుడిచే అబ్బాయి కూడా తలెత్తి చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. అదే ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

అందుకే మూడో చుట్టులో రెండో భాగం తిరగేస్తున్నప్పుడు, ఎత్తుకున్నవాళ్ల మొహం చూడండి. కనుబొమ్మలు లేస్తాయి, కొందరు 'హప్' అంటారు, కొందరు రాబోయే శ్రుతి 'జీ' అనో 'డీ' అనో గిటార్ వాళ్లకి కేకేస్తారు. వెంటనే విజిల్ పెదాల నుంచి తీసేయండి. కొత్త ట్యూన్ తెలిసిందైతే రెండోసారి తిరిగినప్పుడు అందుకోవచ్చు, తెలియనిదైతే వినండి. తెలియనిదాన్ని వెతుక్కుంటూ సన్నగా ఊదితే ఎవరికీ వినపడదులే అనుకోకండి, వినపడుతుంది, అక్కడ అందరికీ చిరాకు తెప్పించే పని అదే.

కూర్చునే ముందు అడగండి, ఖాళీ కుర్చీ ఎవరికోసమో ఉంచి ఉండొచ్చు. బౌరాన్, అంటే మన డప్పులా ఒకవైపు మేకతోలు బిగించిన వాద్యం, ఒకటి మోగుతుంటే రెండోది తియ్యరు. మధ్యలో ఎవరైనా పాట ఎత్తుకుంటే పబ్ మొత్తం నిశ్శబ్దం, చప్పుడు చెయ్యకుండా గ్లాసు దింపడం కూడా నేర్చుకోవాలి. మందు తాగకపోయినా పర్లేదు, టీ చెప్పండి, కానీ ఏదో ఒకటి కొనండి. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఒక మాట: తొడ మీద తాళం వెయ్యకండి, కాలు ఆడిస్తే చాలు.

ఈ వారం పని: ఏదైనా సెషన్ రికార్డింగ్‌లో మూడు సెట్లు వినండి. విజిల్ ముట్టుకోవద్దు. వేళ్ల మీద చుట్లు లెక్కపెడుతూ, ట్యూన్ మారిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గియ్యండి. తర్వాత మళ్లీ విని సరిచూసుకోండి. మూడింటిలో రెండు సెట్లు తప్పు లేకుండా వస్తే వచ్చే పాఠంలో 'కట్' అనే గమకం మొదలుపెడదాం.