బెట్టింగ్ ప్రకటనల నుంచి ఇంటివారిని కాపాడుకోవడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో మా పక్క వాటాలో ఉండే నెల్లూరు వారి పదో తరగతి అబ్బాయి ఒకనాడు నాకు ఒక క్రికెట్ రీల్ చూపించాడు. అందులో పందెం అన్న మాటే లేదు. "ఈ రోజు మ్యాచ్ ఎవరిదో మన టెలిగ్రామ్ ఛానెల్‌లో ఉచితంగా చెబుతాం" అని చక్కని తెలుగులో చెప్పి, చివర లింకు ఇచ్చారు. ఆ లింకు నొక్కితే డబ్బు జమ చేయమనే యాప్ తెరుచుకుంది. అందువల్ల స్కోర్లు, జోస్యాలు, ఉచిత టిప్స్ పేరిట వచ్చేవి కూడా ప్రకటనలేనని పిల్లలకు ముందుగా చెప్పాలి.

తరువాత ఫోన్ సరిచేయాలి. ఖాతా తెరవడానికి అడ్డు రాకూడదని పిల్లల పుట్టిన సంవత్సరాన్ని చాలాసార్లు మనమే వెనక్కి జరుపుతాం; దానితో 18 ఏళ్లలోపువారికి గూగుల్ నిలిపివేసే జూదం ప్రకటనలు కూడా ఆ ఫోన్‌కు దర్జాగా వస్తాయి. ఆ సంవత్సరాన్ని సరిదిద్దండి. పెద్దల ఫోన్లలో గూగుల్ ఖాతాలోని 'మై యాడ్ సెంటర్' తెరిచి, సున్నితమైన అంశాల కింద జూదాన్ని ఆఫ్ చేయండి. దీనివల్ల ఆ ప్రకటనలు తగ్గుతాయే తప్ప, రీల్స్ చేసేవారు తమ నోటితో చేసే ప్రచారం ఆగదు.

అలాంటి రీల్‌ను బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్ తీసి, లింకు, తేదీ రాసిపెట్టుకుని సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల ప్రకటనలను కూడా నిషేధించి, వాటికి 2 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టింది. ఆడినవారికి మాత్రం అందులో శిక్ష లేదు. ఇంట్లో ఎవరైనా ఆటకు అలవాటుపడి ఉంటే ఈ సంగతి వారికి తప్పక చెప్పండి, ఎందుకంటే కేసు భయంతోనే కొందరు నోరు విప్పరు.

అలవాటుపడినవారి విషయంలో ప్రకటనలతో పాటు డబ్బు దారిని కూడా మూయాలి. పోయినచోటే వెతుక్కోవాలన్న సామెతను పందెంలో పాటిస్తే మిగిలేది అప్పే. యూపీఐ రోజువారీ పరిమితిని తగ్గించి, ఖాతాలోంచి డబ్బు దానంతట అదే కోసుకునే ఆటోపే అనుమతులను రద్దు చేసి, కొంతకాలం జీతం లెక్క ఇంట్లో మరొకరు చూడాలి; అయితే ఇదంతా అలవాటుపడిన మనిషికి చెప్పి, ఒప్పించి చేయాలి, దొంగచాటుగా చేస్తే ఇంకో ఖాతా పుట్టుకొస్తుంది. అప్పు తీర్చవలసి వస్తే ఆయన చేతికి డబ్బు ఇవ్వకుండా నేరుగా అప్పిచ్చినవారికే కట్టండి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి అయిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బెంగళూరులోనే ఉన్నవారికి మానసిక ఆరోగ్య ఆసుపత్రి అయిన నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్స విభాగం అందుబాటులో ఉంది. వెళ్లేటప్పుడు గత 3 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ వెంట తీసుకువెళ్లండి. ఏ రోజు ఎంత పంపారో అందులో వరుసగా ఉంటుంది కాబట్టి, ఆయన చెప్పడానికి సిగ్గుపడేదంతా డాక్టరుకు ఆ కాగితమే చెబుతుంది.